బీడులో లేళ్లు, దవాఖానలో ఆయమ్మ

ఉప్పునుంతల మండలంలోని ఒక ఊరిలో గొర్రెలకు కడుపు పురుగులు పోయే నట్టల మందు తాగిస్తుండగా ఫోను వచ్చింది. నూట పన్నెండో గొర్రె నోట్లో గొట్టం పెట్టి ఉన్నాను కనుక వెంటనే తీయలేదు. రెండోసారి మోగినప్పుడు తీశాను. ఇంతకు ముందు ఇటిక్యాల వైపు నేను పనిచేసిన పశువుల దవాఖాన ఎదుట టీ కొట్టు నడిపే అతను.

"సారూ, మన ఆయమ్మ పోయింది. నిన్న పొద్దుగాల. మీకు చెప్పాలె గదా అని చేసిన."

ఎట్లా పోయిందని అడిగాను.

"తెల్వదు సారూ. పండుకున్నామె లేవలే."

మిగిలిన గొర్రెలకు మందు తాగించి, సంఖ్య రాసి, సంతకం పెట్టి, సాయంత్రం గదికి చేరాక పాత డైరీలు తీశాను. నేను పశువైద్య సహాయకుడిని. ఆమె ఆ దవాఖానలో ఊడ్చి, పరికరాలు ఉడకబెట్టి, పశువులను పట్టుకునే ఆయా. ఇద్దరం కలిసి పనిచేసింది నాలుగు సంవత్సరాల ఏడు నెలలు. ఆ కాలపు ఐదు డైరీలలో ఆమె ప్రస్తావన డెబ్బై మూడు చోట్ల ఉన్నది. ఒక్కచోట కూడా పేరు లేదు. చేరిన మొదటి నెలలో ఒకసారి రాయబోతే ఆమే ఆపింది.

"నా పేరు కాగితంల ఎక్కితే ఏదో ఒకటి తప్పుపడ్తది సారు. ఆధార్ కార్డుల ఒక తీరు, బ్యాంకుల ఒక తీరు, జీతం కాగితంల ఇంకో తీరు. మీ బుక్కుల గూడ ఎందుకు? పని రాయుండ్రి, చాలు."

ఇక్కడ కూడా ఆ మాట ప్రకారమే రాస్తున్నాను.

ఆమె చేతులు సన్నవి, పొడవైనవి. వేళ్లన్నీ కూడదీసి ముందుకు చాపితే గొర్రె కాన్పుకు అంతకంటె తగిన పనిముట్టు మా దవాఖానలో లేదు. అడ్డం తిరిగిన పిల్లను సరిచేయవలసి వచ్చినప్పుడు డాక్టరమ్మ తన చెయ్యి చూసుకొని, ఆమె చెయ్యి చూసి, పక్కకు జరిగేది. డాక్టరమ్మ వనపర్తి నుంచి వచ్చేది. మూడు మండలాలు చూసుకోవాలి కనుక మాకు దక్కేది వారానికి రెండు రోజులు. మిగిలిన నాలుగు రోజులు దవాఖాన అంటే నేనూ, ఆమే.

పని అయ్యాక ఎర్రసబ్బుతో మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కొని వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసేది. మూడోసారికీ వాసన ఉంటే నాలుగోసారి. చేతి తొడుగులు పెట్టెలో వందే వస్తాయి, అవి ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు. అందుచేత కొత్తవి డాక్టరమ్మకూ నాకూ ఇచ్చి, వాడినవి కడిగి కిటికీ తీగ మీద ఆరవేసి తాను తొడుక్కునేది. చినిగినవి కూడా. "ఒక్క వేలే గదా సారు చినిగింది. తొమ్మిది వేళ్లు బాగనే ఉన్నయి" అనేది. ఎండకు ఊగుతున్న ఆ తొడుగులను చూసి దారిన పోయేవాళ్లు మా దవాఖానలో ఏవో చేతులు ఆరబెట్టినారని నవ్వుకునేవారు.

పశువును తెచ్చినవాడిని ఆమె అడిగే మొదటి ప్రశ్న రోగమేమిటని కాదు. "ఎన్నో నెల?" అని. కాలు విరిగిన మేకను తెచ్చినా, కన్ను పుండైన బర్రెను తెచ్చినా అదే ప్రశ్న. ఒకసారి ఒక రైతు నాగలి దెబ్బ తగిలిన ఎద్దును తోలుకొని వచ్చాడు.

"ఎన్నో నెల?"

"ఆయమ్మా, గిది ఎద్దు."

"అయితే నీ ఇంట్ల ఎవరికి ఎన్నో నెల?"

ఆ రైతు భార్యకు నిజంగానే ఏడో నెల అట. అతను సిగ్గుపడి చెప్పాడు. ఎద్దుకు కట్టు కట్టేలోగా ఆ ఇంట్లో అమ్మాయి ఏం తింటున్నదో, కాళ్లు ఉబ్బుతున్నాయో లేదో అన్నీ అడిగి తెలుసుకున్నది.

ఈ ప్రశ్న ఆమె అడవి జంతువులకు కూడా వేసేది. మా దవాఖానకు పడమర ఒక పెద్ద బీడు ఉన్నది. అటు కృష్ణా నది వరకూ రాతినేల, ఇటు సీడ్ పత్తి చేలు. ఆ బీడులో కృష్ణజింకల గుంపు ఒకటి తిరుగుతుంది. నల్లటి మగదాన్ని ఇర్రి అనీ, ఆడదాన్ని లేడి అనీ ఆమె విడివిడిగా పిలిచేది. ఊళ్లో మిగిలినవాళ్లందరికీ అవి జింకలే, అదీ వేరుశనగ మేసి పోయే జింకలు. ఆమె దవాఖాన మెట్ల మీద నిలబడి నడక చూసి ఫలానా లేడికి నెలలు నిండుతున్నవని చెప్పేది. నేను నమ్మేవాడిని కాను. డైరీలో మాత్రం రాసుకునేవాడిని. తరువాత సరిచూస్తే తొమ్మిది సార్లలో ఏడుసార్లు ఆమె చెప్పినదే నిజమైంది.

కరోనా తరువాతి సంవత్సరం వానాకాలంలో బీరయ్య తన గొర్రెలను టీకాలకు తోలుకొని వచ్చాడు. నూట నలభై గొర్రెలు, వాటితో సంతలో కొన్న కొత్త విత్తనపు పొట్టేలు. పొట్టేలు వృషణాలలో ఒకటి రెండోదానికి రెట్టింపు ఉన్నది. బీరయ్య దాన్ని చూసే కొన్నాడు. మా వైపు కాపరులకు అది పౌరుషానికి గుర్తు. టీ కొట్టు దగ్గర కూర్చున్న నలుగురు లేచి వచ్చి పొట్టేలు వెనక్కు చేరారు.

"సంత మొత్తం తిరిగిన. దీన్ని మించింది లేదు. మా అన్నదమ్ములు గూడ నాకియ్యి నాకియ్యి అంటుండ్రు" అన్నాడు బీరయ్య.

ఆమె చీర కుచ్చెళ్లు దోపుకొని పొట్టేలు వెనుక గొంతుక్కూర్చుంది. రెండు చేతులతో రెండింటినీ తూకం వేసినట్లు పట్టుకున్నది.

"ఇది మెత్తగ ఉంది. ఇది రాయి తీరు ఉంది. వేడి గూడ ఉంది. బలం కాదు తమ్మీ, వాపు."

"నీకేమెరుక ఆయమ్మా మొగోళ్ల సంగతి."

టీ కొట్టు వాళ్లలో ఒకడు, "ఆయమ్మ పొట్టేలు మీద కన్నేసిందిరా" అన్నాడు.

"కన్నేస్తే నీ మీద ఏస్త గాని పొట్టేలు మీద ఎందుకేస్త? నీకు గూడ వాపుందో ఏమో, ఇటు రా చూస్త."

అతను టీ కొట్టులోకి వెళ్లిపోయాడు. ఆమె బీరయ్యను వదలలేదు. ఈ ఉద్యోగానికి రాకముందు ఆమె సీడ్ పత్తి చేలలో క్రాసింగు కూలి. సాయంత్రం ఆడమొక్క మొగ్గను విప్పి అందులోని పుప్పొడి భాగాన్ని గిల్లేయాలి, మరునాడు పొద్దున మగమొక్క పువ్వు తెచ్చి దాని మొన మీద రాయాలి. ఆ పనిని ఉదాహరణగా తీసుకున్నది.

"పత్తి చేన్ల కాయ పట్టకపోతే ఆసామి ఏమంటడు? ఆడ చెట్టు మంచిగ లేదంటడా? అనడు. వాడిన మొగ పువ్వు రాసిండ్రు అని మమ్ముల తిడ్తడు. పత్తి కాడ ఉన్న తెలివి గొర్ల కాడ ఏమైతది మీకు? రేపు ఈ పొట్టేలుతోటి గొర్లు ఈసుకపోతే గొర్లనే తిడ్తరు."

నెలలు నిండకముందే పిల్ల పడిపోవడాన్ని మా వైపు ఈసుకుపోవడం అంటారు. బీరయ్య నవ్వి, పొట్టేలు కొమ్ములు పట్టుకొని తీసుకొని పోయాడు. ఆ రోజు నా డైరీలో ఉన్నది ఇంతే: "బీరయ్య మంద, 141, టీకా. పొట్టేలుకు వాపు అని ఆయా అంటున్నది." డాక్టరమ్మకు చెప్పాలి అని రాసుకోలేదు. రాసుకోలేదు కనుక చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం రాయకపోవడం నా తప్పు.

చలికాలంలో బీరయ్య గొర్రెలు పదకొండు ఈసుకుపోయాయి. ఆ సంగతి అతను దవాఖానకు చెప్పలేదు. మాకు తరువాత తెలిసింది. మాఘమాసం మొదట్లో అతను మందను ఆ పడమటి బీడును ఆనుకొని ఉన్న చేలో పన్నెండు రాత్రులు ఆపాడు. చేను గొర్రెల ఎరువుతో బలపడుతుంది, రైతు బదులుగా కాపరికి గింజలు ఇస్తాడు. పడిపోయిన పిల్లలనూ మాయలనూ కాపరులు ఎప్పటిలాగే బీడు అంచున పారేశారు. మంద లేచిన చోట నాలుగు చినుకులు పడితే పచ్చిక ముందుగా మొలుస్తుంది. లేళ్లు ఆ పచ్చికకు వస్తాయి.

మొదటి లేడి ఫాల్గుణంలో చచ్చింది. ఊరకుక్కలు తరిమితే ముళ్లకంచెలో పడింది. అటవీశాఖ బీటు ఆఫీసరు కబురు పంపితే డాక్టరమ్మ, నేను, ఆమె వెళ్లాము. చెట్టు నీడలో పంచనామా. డాక్టరమ్మ కోసి చెబుతున్నది, నేను రాస్తున్నాను. మెడ మీద కాట్లు నాలుగు, ఎడమ తొడ చీలిక ఒకటి. కారణం స్పష్టంగానే ఉన్నది. డాక్టరమ్మ కత్తి తుడుస్తుండగా ఆమె అడిగింది:

"గర్భసంచి తెరవరా డాక్టరమ్మా? ఆరో నెల పడ్డది దీనికి."

డాక్టరమ్మ తెరిచింది. లోపలి పిల్ల అప్పుడు చచ్చినది కాదు. వెంట్రుకలు ఊడి, తోలు నానిపోయి, చచ్చి నాలుగైదు రోజులైనట్లుంది. మాయ మందంగా, తోలుముక్క మాదిరిగా ఉన్నది.

"కుక్కలకు దొరికే లేడి కాదిది. లోపల చచ్చిన పిల్లతోటి జరం వచ్చి ఉరకలేకపోయింది" అన్నదామె. తరువాత నా వైపు తిరిగి, "ఏం రాసిండ్రు సారు కారణం?"

"కుక్కల దాడి."

"అది ఆఖరుది. మొదటిది రాయుండ్రి."

పంచనామా కాగితంలో కారణానికి ఒకటే గడి ఉన్నది. ఒక గడిలో ఒకటే కారణం రాయాలని ఆమెకు చెప్పాను. నేను అప్పటికి పంతొమ్మిదేళ్లుగా అట్లాగే రాస్తున్నాను. ఆమె వాదించలేదు. పిల్ల కడుపులోని ద్రవం కొద్దిగా సీసాలోకి తీయించి నా చేతికి ఇచ్చింది. బీటు ఆఫీసరు తన పైవారి అనుమతి తీసుకున్నాడు. సీసాను ఐసు డబ్బాలో పెట్టుకొని పరీక్ష చేసే చోటికి బస్సులో నేనే వెళ్లాను. దారిలో బస్సు చెడిపోయి మూడు గంటలు ఎండలో నిలబడ్డాము. ఐసు కరిగింది. నమూనా పనికిరాలేదని తిరిగి పంపారు. కనుక ఆ లేడికి ఫలానా రోగమేనని చెప్పే కాగితం మా దగ్గర లేదు. ఈ రాతలో ముందుముందు ఏం చెప్పినా ఈ మాట దాచకూడదు.

ఎనిమిది రోజులకు రెండో లేడి ఈసుకుపోయింది. పిల్ల మాత్రమే దొరికింది. ఇంకో తొమ్మిది రోజులకు మూడోది. రెండూ మంద ఆపిన చేను అంచునే. ఆమె రోజూ పొద్దున దవాఖాన ఊడ్చి, బీడు దాకా నడిచి, లేళ్లను లెక్కపెట్టి వచ్చేది. అప్పటికి మిగిలినవి పద్నాలుగు. అందులో చూడితో ఉన్నవి ఆరు అని ఆమె లెక్క.

ఆ వారమే బీరయ్య పొట్టేలును వెంట తోలుకొని, ఇద్దరు తమ్ముళ్లతో దవాఖానకు వచ్చాడు. అతని గొర్రెలు మరో ఏడు ఈసుకుపోయాయి. తమ్ముళ్లవి నాలుగు. అతని ముఖం నల్లబడి ఉన్నది. ఏడాది కష్టం ఆ పిల్లల మీదే ఉంటుంది కాపరికి.

"జింకలు చేస్తున్నయి డాక్టరమ్మా. నా గొర్లు మేసిన కాడ అవి మేస్తయి, అవి మేసిన కాడ నా గొర్లు మేస్తయి. వాటికి గూడ ఈసుడు రోగం వచ్చిందంట గదా. ఎల్లుండి కుక్కల్ని పట్టుకొస్తుండ్రు మావోళ్లు. వేరుశనగ రైతులు గూడ వస్తమన్నరు. గుంపును నది ఒడ్డు దాకా తరుముతం. ఇంక ఈ బీడుకు రావొద్దు."

కేసు అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. కేసు కంటె గొర్రెలే ముఖ్యమని అతను అన్నాడు. ఆమె అప్పటిదాకా గుమ్మం దగ్గర గిన్నెలు తోముతున్నది. చేతులు కడుక్కొని లోపలికి వచ్చింది.

"పొట్టతోటి ఉన్నదాన్ని తరుమొద్దు బీరయ్యా. ఆరు ఉన్నయి. తరిమితే ఆరూ ఈడనే పడేస్తయి. మల్ల అవి గూడ నీ గొర్లే నాకుతయి." తరువాత నాతో, "సారూ, మీ బుక్కు తియ్యుండ్రి. బీరయ్య గొర్లు ముందు ఈసుకపోయినయా, లేళ్లు ముందా, చదువుండ్రి."

డైరీ తీశాను. మంద ఆపిన మొదటి రాత్రి, అది లేచిన పొద్దు, మొదటి లేడి, రెండోది, మూడోది, అన్నీ వరుసగా చదివాను. మంద లేచిన ఇరవై మూడో రోజున మొదటి లేడి. ముప్పై ఒకటో రోజున రెండోది. నలభయ్యో రోజున మూడోది. తన గొర్రెలు మొదట ఎప్పుడు పడేశాయో బీరయ్యనే చెప్పమన్నాను. అతను వేళ్ల మీద లెక్కవేసుకున్నాడు. మందను చేలో ఆపడానికి నెల రోజుల ముందే. అతని వేళ్లు ఆగిపోయాయి.

"అయితే నా గొర్లకు ఏడికెళ్లి వచ్చింది?" అన్నాడు.

"పొట్టేలుకెళ్లి" అన్నదామె.

అది ఒప్పుకుంటే అతను పోగొట్టుకునేది పొట్టేలును మాత్రమే కాదు. తాను సంత మొత్తం తిరిగి తెచ్చి, తమ్ముళ్లకు కూడా పంచిన ఎంపికను పోగొట్టుకుంటాడు. తమ్ముళ్లు ఇద్దరూ అతని వైపే చూస్తున్నారు. పొట్టేలు వాపూ, గొర్రెలు ఈసుకుపోవడమూ ఒకే రోగం కావచ్చు, రక్తం పరీక్షిస్తే తేలుతుందని డాక్టరమ్మ చెప్పింది. "రక్తం తియ్యనియ్య. మొగ గొర్రె రక్తం తీస్తే పాడైతది" అన్నాడు.

"ఇంత తీస్తే పాడైతదా? ఫస్టు నాది తియ్యుండ్రి డాక్టరమ్మా. తరువాత సారుది. మేమేం పాడైతమో చూస్తడు."

అది పశువులకు చేసే పరీక్ష అనీ, మనుషులకు దీనితో తేల్చకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. చూపించడానికే గదా అన్నది ఆమె. చెయ్యి అప్పటికే చాపి ఉంచింది. ఆమె రక్తం, నా రక్తం, పొట్టేలు రక్తం మూడు గొట్టాల్లో తీసి, తేరడానికి నీడలో పెట్టాము. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ బీరయ్య కదలలేదు. ఆమె అతనికి టీ తెప్పించింది.

తెల్ల పలక మీద మూడు చోట్ల తేరిన నీటిచుక్కలు వేసి, పక్కన గులాబి రంగు మందు చుక్కలు వేసి, పుల్లతో కలిపి, డాక్టరమ్మ పలకను నాలుగు నిమిషాలు మెల్లగా ఊపింది. రోగం లేకపోతే చుక్క నున్నగా ఉంటుంది. ఉంటే రవ్వ రవ్వగా విరుగుతుంది. నాది నున్నగా ఉన్నది. పొట్టేలుది రెండో నిమిషంలోనే విరిగింది. బీరయ్య తల ఆడించాడు. తరువాత అందరమూ ఒకేసారి మూడో చుక్కను చూశాము. అది కూడా విరిగింది.

"నాదేనా?" అన్నదామె.

నేను గొట్టాల మీద చీటీలు సరిచూశాను. రెండుసార్లు చూశాను. ఆమెదే.

బీరయ్య మొదట మాట్లాడాడు. "ఆయమ్మా, నా గొర్లతోటి వచ్చిందా నీకు?"

"నీకంటె ముందటిది తమ్మీ. నీ పొట్టేలు పుట్టకముందు నుంచి మాయలు తీస్తున్న. చిన్నప్పుడు మా ఇంట్ల మేకలకు తీసిన. ఒట్టి చేతులతోటి." తరువాత డాక్టరమ్మను అడిగింది: "మనుషుల్ల గూడ ఈసుకపోతరా దీనితోటి?"

డాక్టరమ్మ పోవచ్చునని చెప్పింది.

ఆమె మోకాళ్లు ఎప్పుడూ నొప్పులే. సాయంత్రాలు జ్వరం వచ్చి తెల్లారేసరికి పోవడం నా డైరీలోనే పంతొమ్మిది చోట్ల ఉన్నది, "ఆయా సెలవు, జ్వరం" అని. ఎన్నడూ వాటిని కూడి చూడలేదు. అప్పుడు ఆమె చెప్పినది అంతకుముందు ఎవరికీ చెప్పలేదనుకుంటాను. ముగ్గురు. ముగ్గురూ కడుపులో ఐదో నెలలోనే పోయారు. "గొడ్డుది అని మా అత్త ఇంట్ల నుంచి ఎల్లగొట్టింది. మా ఆయన ఇంకో పెండ్లి చేసుకున్నడు. కాయ కాసి రాలిన చెట్టును గొడ్డుది అంటరా ఎవరన్న?"

నాకు ఉన్నది ఉన్నట్లు చెప్పడం అలవాటు. ఈ పరీక్ష ఇప్పటి సంగతి మాత్రమే చెబుతుందనీ, ముప్పై ఏళ్ల కిందటి దానికి ఇదే కారణమని చెప్పలేమనీ అన్నాను.

"అంటే తెల్వదు అంటరా?"

"తెలియదు."

ఆమె పలక మీది చుక్కను కాసేపు చూసింది. "మంచిది. ఇన్నేండ్లు అందరూ తెలుసనే అన్నరు."

తరువాత లేచి, పలకను మందునీళ్లలో వేసింది. బీరయ్యతో, "పొట్టేలును సంతల అమ్ముతవా?" అని అడిగింది. అతను పొట్టేలు వైపు చూశాడు. అదే ఆలోచిస్తున్నాడని మాకు తెలుసు. అమ్మితే రోగం ఇంకో మందకు పోతుంది. "అమ్మితే అక్కడ గూడ లేళ్లున్నయి, గొర్లున్నయి, ఆడోళ్లున్నరు" అన్నదామె. అతను పొట్టేలు కొమ్ములు పట్టుకొని తానే ముందుకు తోశాడు. అది ఇక విత్తనానికి పనికిరాకుండా డాక్టరమ్మ పెద్ద పటకారుతో వృషణాల నరాలు నొక్కుతున్నంతసేపు అతను అటు తిరిగి నిలబడ్డాడు. కుక్కలను తెచ్చే మాట మళ్లీ ఎత్తలేదు. వేరుశనగ రైతులకు తానే ఫోను చేసి వద్దన్నాడు.

మరునాటి నుంచి తమ్ముళ్ల మందలకు కూడా పరీక్షలు చేశాము. రోగం తేలిన గొర్రెలను వేరుచేశాము. పడిపోయిన పిల్లలను సున్నం చల్లి లోతుగా పూడ్చాలని ఆమె వాళ్లకు చూపించింది, ఈసారి కొత్త తొడుగులతో. కిటికీ తీగను నేను విప్పేశాను. గద్వాల పెద్ద దవాఖానలో ఆమెకు మళ్లీ పరీక్ష చేశారు, అక్కడా అదే తేలింది. ఆరు వారాలు మందు బిళ్లలు వాడింది. కడుపులో మంట అని రోజూ సణిగేది కానీ ఒక్క పూటా మానలేదు. నేను లెక్క ఉంచాను.

పంచనామా రిజిస్టరులో నా దగ్గర మిగిలిన నకలు మీద, కారణం గడిలో, కుక్కల దాడి అన్న మాట పక్కన చిన్న అక్షరాలతో "అంతకుముందే గర్భంలో పిల్ల మృతి, కారణం తెలియదు" అని చేర్చాను. అక్షరాలు గడి దాటి పక్క గడిలోకి పోయాయి. తనిఖీకి వచ్చిన అధికారి అది చూసి నన్ను అడిగాడు. రెండు కారణాలు ఉన్నాయని చెప్పాను.

ఆ బీడును ఆనుకొని ఆ ఏడు ఎవరూ మంద ఆపలేదు. చూడితో ఉన్న ఆరు లేళ్లలో వేసవిలోపు రెండు ఈసుకుపోయాయి. మిగిలిన నాలుగు ఈనాయో లేదో మేము చూడలేదు. వానలకు గుంపు నది వైపు వెళ్లిపోయింది. నేను అప్పటికే బదిలీ కాగితం కోసం ఎదురుచూస్తుండేవాడిని. ఆమె పొద్దున్నే బీడు దాకా నడిచి రావడం మాత్రం మానలేదు. ఉత్త చేతులతో తిరిగి వచ్చేది, నేను అడిగేవాడిని కాను.

దసరా వెళ్లిన నాలుగో రోజున, ఉదయం ఏడున్నరకు, నన్ను పిలవడానికి టీ కొట్టు అతన్ని పంపింది. వెళ్లాను. గుంపు తిరిగి వచ్చింది. బీడు మధ్యలో విడివిడిగా లేళ్లు, వాటి పక్కన గోధుమరంగు పిల్లలు. నేను చెయ్యి అడ్డం పెట్టుకొని ఎండలో పిల్లలను లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. బీరయ్య కూడా తన గొర్రెలను దూరంగా రోడ్డు మీద ఆపి చూస్తున్నాడు.

"ఏడు" అన్నాను.

"తొమ్మిది" అన్నదామె.

"ఏడే ఉన్నాయి. రెండుసార్లు చూశాను."

"పిల్లల్ని చూస్తున్నరు మీరు. పుట్టి నాలుగు దినాలు కానిది గడ్డిల పండుకోని కదలది, కనపడది. తల్లుల్ని చూడుండ్రి. గా ఇద్దరూ మేస్తలేరు. ఒక్క తావునే చూస్తుండ్రు."

చూశాను. గుంపుకు ఎడంగా రెండు లేళ్లు. ఒకటి మోకాలెత్తు గడ్డి దుబ్బు వైపు, ఇంకొకటి ఒక రాతిగుండు నీడ వైపు, మెడ తిప్పకుండా చూస్తున్నాయి. అక్కడ నాకు గడ్డీ, గుండూ తప్ప ఏమీ కనబడలేదు.

నా డైరీలో ఆ రోజు పేజీలో తొమ్మిది అని రాసి ఉన్నది.